ఖాళీ చిప్‌లోకి కోడ్ ఎక్కించడం: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

ఫ్రిజ్ తలుపు సరిగా పడకపోతే కాసేపాగి కూసే చిన్న బజర్ ఒకటి చెయ్యాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ప్రోగ్రామ్ ఆర్డునో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు మీద రాసేశాను, బాగానే నడిచింది. కానీ ఊనోని తీసుకెళ్లి ఫ్రిజ్‌లో కూర్చోబెట్టలేం. ఊరికే ఉన్నా పదుల మిల్లీయాంపులు తాగుతుంది, బటన్ సెల్ ఒక్క పూట కూడా నిలవదు. అందుకే ఎనిమిది కాళ్ల ఏటీటైనీ85 చిప్‌లు నాలుగు తెచ్చుకున్నాను. చిప్‌ని మధ్యమధ్యలో తట్టిలేపే వాచ్‌డాగ్ టైమర్‌తో నిద్రపోతూ లేస్తూ ఉండేలా రాస్తే, నిద్రలో ఇది తాగేది కొన్ని మైక్రోయాంపులే.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఊనోకి కేబుల్ గుచ్చి అప్‌లోడ్ నొక్కితే అయిపోతుంది, ఎందుకంటే దాని చిప్‌లో బూట్‌లోడర్ అనే బుల్లి ప్రోగ్రామ్ ముందే కూర్చుని ఉంటుంది. వచ్చిన కోడ్‌ని అందుకుని లోపల రాసిపెట్టేది అదే. విడిగా కొన్న చిప్‌లో అదేమీ ఉండదు. పుట్టినప్పుడెంత ఖాళీయో అంతే ఖాళీ. బయటినుంచి ఎవరో ఒకరు కోడ్ డంప్ చెయ్యాలి. ఆ ఎవరో పేరే ప్రోగ్రామర్.

డేటాషీట్, అంటే చిప్ వివరాల పత్రం తిరగేస్తే దారి మరీ కష్టంగా లేదు. రీసెట్ కాలిని గ్రౌండ్‌కి లాగి పట్టుకుంటే చిప్ తన సొంత పని ఆపేస్తుంది. అప్పుడు మోసి, మిసో, ఎస్‌సీకే అనే మూడు తీగల మీద చెప్పింది వింటుంది. మోసి మీద మాట లోపలికి వెళ్తుంది, మిసో మీద జవాబు బయటికి వస్తుంది, ఎస్‌సీకే క్లాక్ తీగ, ఒక్కో బిట్‌కీ టిక్కు కొట్టి లయ చెబుతుంది. వీటికి రీసెట్, కరెంటు, గ్రౌండ్ కలిపితే మొత్తం ఆరు తీగలు. దీన్నే ఐఎస్‌పీ (ఇన్-సిస్టమ్ ప్రోగ్రామింగ్) అంటారు. చిప్‌ని బోర్డు మీదనుంచి పీకకుండానే కోడ్ మార్చుకోవచ్చన్నమాట.

కొనడానికి ముందు చేతిలో ఏముందో చూద్దామని ఊనోనే ప్రోగ్రామర్‌గా మార్చాలనుకున్నాను.

రెండో రోజు

కోడ్ రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఆర్డునో ఐడీఈ ఉదాహరణల్లోనే ఆర్డునోఐఎస్‌పీ అనే స్కెచ్ ఉంది. ఆర్డునో భాషలో స్కెచ్ అంటే ప్రోగ్రామే. దాన్ని ఊనోలోకి ఎక్కించాను. ఊనో 10వ పిన్ నుంచి టైనీ 1వ కాలికి, అంటే రీసెట్‌కి. 11 నుంచి 5వ కాలికి మోసి, 12 నుంచి 6వ కాలికి మిసో, 13 నుంచి 7వ కాలికి ఎస్‌సీకే. 8వ కాలికి 5 వోల్టులు, 4వ కాలికి గ్రౌండ్. చిప్ ఒంటి మీద చుక్క ఉన్న మూలే 1వ కాలు. ఇది రాసి గోడకి అంటించుకున్నాను, ప్రతిసారీ వెతకలేక.

మొదటి ప్రయత్నంలో జవాబు రాలేదు. కారణం తెలిసిందే, కానీ చేతులు వినవు కదా: 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం మర్చిపోయాను. కంప్యూటర్ సీరియల్ పోర్ట్ తెరిచినప్పుడల్లా ఊనో తనంతట తాను రీసెట్ అవుతుంది. అలా అయ్యాక దాని బూట్‌లోడర్ మేలుకుని, టైనీకి వెళ్లాల్సిన మాటల్ని తనకే అనుకుంటుంది. ఊనో రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కెపాసిటర్ ఉంటే ఆ కుదుపు ఆగిపోతుంది. మైనస్ కాలు గ్రౌండ్ వైపు. ఒక్క జాగ్రత్త: ఆర్డునోఐఎస్‌పీ స్కెచ్ ఎక్కించాకే దీన్ని గుచ్చాలి. ముందే గుచ్చితే ఆ స్కెచ్చే ఎక్కదు.

రెండోసారి ఏవీఆర్‌డ్యూడ్ (కంప్యూటర్‌లో ఉండి ప్రోగ్రామర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) చిప్ సిగ్నేచర్, అంటే ఆ రకం చిప్ గుర్తు సంఖ్య చదివింది: 1ఈ 93 0బి. ఏటీటైనీ85కి ఉండాల్సింది అదే. ఎల్‌ఈడీ మిణుకుమంది. ఇంత చిన్న వెలుగుకి ఇంత సంబరమేంటని ఇంట్లో అడిగారు, జవాబు చెప్పలేకపోయాను.

నాలుగో రోజు

ఊనోతో పని జరుగుతోంది. జరుగుతోందంతే. తీగ ఒకటి కదిలితే మొత్తం ఆగిపోతుంది. ఇంకో పనికి ఊనో కావాలంటే ఈ సాలెగూడు విప్పాలి, మళ్లీ అల్లాలి. రోజుకి పదిసార్లు కోడ్ మార్చే వాడికి ఇది నడవదు. విడిగా ఒక ప్రోగ్రామర్ కావాలి, అదీ చవగ్గా.

సాయంత్రమంతా ఏది కొనాలా అని చూశాను. ఈ చిప్‌ల కంపెనీ అట్మెల్ సొంతంగా చేసిన ఏవీఆర్‌ఐఎస్‌పీ ఎంకే2 మంచిదే గానీ దాని తయారీ ఆగిపోయింది. ఏ చిప్‌నైనా సాకెట్‌లో పెట్టి రాసే యూనివర్సల్ ప్రోగ్రామర్లున్నాయి, అవి ఈప్రామ్ అనే పాత మెమరీ చిప్‌లతో కుస్తీ పట్టేవాళ్లకి అవసరం. నాలుగు టైనీల కోసం అది కొంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. యూఎస్‌బీటైనీఐఎస్‌పీ అనే ప్రోగ్రామర్ కూడా బాగానే ఉంటుంది.

చివరికి యూఎస్‌బీఆస్ప్ అనే ప్రోగ్రామర్ మీద చూపు ఆగింది. దీన్ని రూపొందించిన థామస్ ఫిష్ల్ సర్క్యూట్‌నీ ఫర్మ్‌వేర్‌నీ (పరికరం లోపల నడిచే ప్రోగ్రామ్‌నీ) అందరికీ ఇచ్చేశాడు. అందుకే ఎవరు పడితే వాళ్లు తయారుచేస్తారు, అందుకే చవక. నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. దీని గుండెకాయ ఏటీమెగా8. ఆ చిప్‌లో యూఎస్‌బీ హార్డ్‌వేరే లేదు. వీ-యూఎస్‌బీ అనే కోడ్ 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ లెక్కన ఒక్కొక్క బిట్‌నీ చేత్తో అల్లినట్టు అల్లి, కంప్యూటర్‌ని ఇది యూఎస్‌బీ పరికరమేనని నమ్మిస్తుంది. సెకనుకి 15 లక్షల బిట్లు, అదీ సాఫ్ట్‌వేర్‌తో. ఈ పనితనం చూశాక కొనకుండా ఉండలేకపోయాను.

అల్యూమినియం డొక్కులో, పెన్‌డ్రైవ్‌లా కనిపించేవి కూడా అదే పేరుతో అమ్ముతున్నారు. వాటిలో కొన్ని లోపల వేరే జాతి. వేరే ఫర్మ్‌వేర్, వేరే సాఫ్ట్‌వేర్, ఏవీఆర్‌డ్యూడ్ వాటిని గుర్తుపట్టదు. అందుకని బోర్డు విప్పి కనిపించేది, జంపర్లు (రెండు పిన్నుల్ని కలిపే చిన్న టోపీలు) కంటికి ఆనేదే ఆర్డర్ పెట్టాను.

పదకొండో రోజు

వచ్చింది. పది తీగల రిబ్బన్ కేబుల్ కూడా ఇచ్చారు. నా బ్రెడ్‌బోర్డు మీదున్నది ఆరు పిన్నుల హెడర్. అడాప్టర్ లేదు, జంపర్ తీగలతో కలిపాను. ఇక్కడే గంట పోయింది.

పది పిన్నుల లెక్క ఇది: 1 మోసి, 2 కరెంటు, 5 రీసెట్, 7 ఎస్‌సీకే, 9 మిసో. మామూలు ఐఎస్‌పీ హెడర్‌లో 4, 6, 8, 10 అన్నీ గ్రౌండే. దగ్గరగా ఉంది కదా అని 4 నుంచి గ్రౌండ్ తీశాను. మల్టీమీటర్ బీప్ పెట్టి చూస్తే ఈ ప్రోగ్రామర్ బోర్డులో 4, 6 గ్రౌండ్‌కి కలవనే లేదు. వాటిని సీరియల్ తీగలకి ఇచ్చేశారు. గ్రౌండ్ లేకుండా చిప్ ఏం మాట్లాడుతుంది? 10 నుంచి తీశాను. పైగా కేబుల్ చివరి సాకెట్‌ని ఎదురుగా పెట్టుకుని చూస్తే ఎడమ కుడి తారుమారవుతాయి. బోర్డు మీద రాసిన అంకెలు వేరు, సాకెట్ ముఖం మీద చూసే వరస వేరు. ఇప్పుడు సాకెట్ మీదే మార్కర్‌తో చుక్క పెట్టాను.

తర్వాత పర్మిషన్ ఎర్రర్. నాది లినక్స్. మామూలు యూజర్‌కి ఆ యూఎస్‌బీ పరికరాన్ని తాకే హక్కు ఉండదు. రూట్‌గా, అంటే అడ్మిన్ హక్కులతో నడిపితే గుర్తుపట్టింది. ప్రతిసారీ రూట్‌గా నడపడం నాకు నచ్చదు కాబట్టి ఈ పరికరాన్ని గుర్తించే 16సీ0, 05డీసీ అనే అంకెలతో, దాన్ని తాకే హక్కు నాకిచ్చే యూడెవ్ రూల్ ఒకటి రాసి, కేబుల్ పీకి మళ్లీ గుచ్చాను. విండోస్ వాడేవాళ్లకి ఇదే చోట జాడిగ్ అనే చిన్న టూల్‌తో డ్రైవర్ పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇవన్నీ దాటాక అసలు దెబ్బ: టార్గెట్ (అంటే టైనీ చిప్) జవాబివ్వడం లేదు అని ఎర్రర్. తీగలు మార్చాను, చిప్ మార్చాను, కేబుల్ మార్చాను. అదే మాట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రాత్రి పన్నెండింటికి అమ్మినవాణ్ణి తిట్టుకుని పడుకున్నాను.

పన్నెండో రోజు

తప్పు మద్దెలది కాదు.

కొత్త ఏటీటైనీ85 లోపలి క్లాక్ 8 మెగాహెర్ట్జే. కానీ ఫ్యాక్టరీలో దాన్ని ఎనిమిదితో భాగించే ఫ్యూజ్ (కరెంటు ఫ్యూజ్ కాదు, చిప్ లోపలి సెట్టింగ్) వేసి పంపుతారు, అంటే చిప్ నడిచేది 1 మెగాహెర్ట్జ్‌తో. ఐఎస్‌పీ నియమం ప్రకారం ఎస్‌సీకే వేగం చిప్ వేగంలో నాలుగో వంతుకి లోపే ఉండాలి. అంటే 250 కిలోహెర్ట్జ్ దాటకూడదు. యూఎస్‌బీఆస్ప్ మామూలుగా మాట్లాడేది 375తో. నిద్రకళ్లతో ఉన్నవాడికి గడగడా లెక్కలు అప్పజెప్పినట్టు. ప్రోగ్రామర్ మొదట నాలుగు బైట్లు పంపుతుంది, అందులో 53 అనేది చిప్ తిరిగి పలకాలి. అది సరిగ్గా పలక్కపోతే జవాబు లేనట్టే లెక్క. ఊనో ప్రోగ్రామర్‌గా ఉన్నప్పుడు ఈ గొడవ రాలేదు, ఎందుకంటే దాని స్కెచ్ ఎస్‌సీకేని మొదటినుంచీ నెమ్మదిగానే నడుపుతుంది.

సరే, వేగం తగ్గిద్దామని ఏవీఆర్‌డ్యూడ్‌కి మైనస్ బి 10 ఇచ్చాను, అంటే ఒక్కో క్లాక్ టిక్కుకి 10 మైక్రోసెకన్లు. అది పట్టించుకోలేదు. ఎస్‌సీకే వేగం మార్చలేకపోతున్నాను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూసుకో అని వార్నింగ్. కొందరు ఈ వార్నింగ్‌ని వదిలేయమంటారు. చిప్ వేగంగా నడుస్తున్నప్పుడు నిజంగానే వదిలేయొచ్చు. నా కేసులో జబ్బే అది. బోర్డు మీదున్న ఫర్మ్‌వేర్ పాతది, సాఫ్ట్‌వేర్ చెబితే వేగం మార్చుకోవడం దానికి తెలియదు.

హార్డ్‌వేర్ దారి ఉంది. జేపీ3 అనే జంపర్ కలిపితే ఎస్‌సీకే 8 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది. నా బోర్డులో జేపీ3 దగ్గర రెండు కన్నాలే ఉన్నాయి, పిన్నులు పెట్టలేదు. అక్కడ మిగుల్చుకున్నారన్నమాట. రెండు పిన్నుల ముక్క తెచ్చి సోల్డర్ చేసి, జంపర్ తొడిగాను.

1ఈ 93 0బి.

పదమూడో రోజు

జంపర్‌తో పని అవుతోంది గానీ నత్తనడక. కోడ్ ఒకటిన్నర కిలోబైట్లు కూడా లేదు, రాసి సరిచూసేసరికి పది పదిహేను సెకన్లు. ఫర్మ్‌వేర్ మార్చేద్దామనుకున్నాను. ప్రోగ్రామర్ లోపలున్నదీ టైనీలాగే ఏవీఆర్ కుటుంబపు చిప్పే కదా. దానికి కోడ్ ఎక్కించాలంటే ఇంకో ప్రోగ్రామర్ కావాలి. విత్తు ముందా చెట్టు ముందా?

ఊనో ఉంది కాబట్టి సరిపోయింది. విప్పేసిన సాలెగూడు మళ్లీ అల్లాను. యూఎస్‌బీఆస్ప్‌ని కంప్యూటర్‌కి గుచ్చకుండా, దాని పది పిన్నుల హెడర్‌కి ఊనో తీగలు కలిపాను. కరెంటు ఊనో నుంచే. జేపీ2 కలపాలి, అప్పుడే హెడర్ మీది రీసెట్ లోపలి ఏటీమెగా8 రీసెట్‌కి చేరుతుంది. సిగ్నేచర్ 1ఈ 93 07 వచ్చింది, ఏటీమెగా8దే. 2011 మే నాటి ఫర్మ్‌వేర్ ఎక్కించాను. ఫ్యూజ్‌లు తాకలేదు. అవి ఇప్పటికే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కి కుదిరి ఉన్నాయి, కెలకడం దేనికి?

జేపీ2, జేపీ3 రెండూ తీసేసి కంప్యూటర్‌కి గుచ్చాను. మైనస్ బి 10 ఇస్తే వార్నింగ్ లేదు, వేగం 93.75 కిలోహెర్ట్జ్‌కి దిగినట్టు చూపించింది. కోడ్ చటుక్కున ఎక్కింది.

చేతిలో ఊనో ఉన్నవాళ్లు దాన్ని ఎవరికీ ఇచ్చేయొద్దు. ప్రోగ్రామర్‌కి ప్రోగ్రామర్ అదే.

పదిహేడో రోజు

బ్రెడ్‌బోర్డు వదిలి కన్నాల బోర్డు మీద సర్క్యూట్ సోల్డర్ చేశాను. వెలుగు పసిగట్టడానికి ఎల్‌డీఆర్ (వెలుగు పడితే నిరోధం తగ్గే రెసిస్టర్), బ్యాటరీ ఆదా కోసం దాని కింద 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్. రెండూ కలిసేచోటు నుంచి తీగ టైనీ 7వ కాలికి. రీడింగ్ ఊగకుండా అక్కడే గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ కెపాసిటర్. బజర్ 3వ కాలికి.

కోడ్ ఎక్కడం లేదు. మళ్లీ అదే ఎర్రర్. నిన్న బ్రెడ్‌బోర్డు మీద బ్రహ్మాండంగా మాట్లాడిన చిప్పే ఇది.

ఈసారి తిట్టుకోలేదు, కూర్చుని లెక్క వేశాను. 7వ కాలంటే ఎస్‌సీకే కూడా. ఆ తీగ మీద నేనే 100 నానోఫారడ్‌ల బకెట్ వేలాడదీశాను. ప్రోగ్రామర్ వైపు ప్రతి తీగ మీదా 270 ఓమ్‌ల రెసిస్టర్ ఉంది. రెండూ గుణిస్తే 27 మైక్రోసెకన్లు, ఆ బకెట్ మూడింట రెండొంతులు నిండడానికే అంత పడుతుంది. 93.75 కిలోహెర్ట్జ్ దగ్గర ఎస్‌సీకే పైన ఉండేది 5 మైక్రోసెకన్లు, కింద ఉండేది 5. బకెట్ అడుగు తడిసేలోపే తిరగేస్తున్నాం. చిప్‌కి ఎస్‌సీకే టిక్కు వినిపించదు. మైనస్ బి 125 ఇచ్చి 8 కిలోహెర్ట్జ్‌కి దింపితే సగం టిక్కుకి 62 మైక్రోసెకన్లు దొరుకుతాయి, బకెట్ చాలావరకు నిండుతుంది. దింపి చూశాను, ఎక్కింది! లెక్క కాగితం మీద కుదిరి, బల్ల మీదా కుదిరితే ఉండే ఆనందం వేరు.

సరైన పని ఏమిటంటే ఎల్‌డీఆర్‌ని ఐఎస్‌పీతో సంబంధం లేని 2వ కాలికి మార్చడం. నాలుగు టంకాలు విప్పాలి. బద్ధకించి, కెపాసిటర్ ఒక్కటే పీకేశాను. కోడ్ మళ్లీ చురుగ్గా ఎక్కుతోంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకో సంగతి కూడా ఇవాళే. కోడ్ ఎక్కించే ముందు బటన్ సెల్ తీసేయాలి. యూఎస్‌బీఆస్ప్ 5 వోల్టులు ఇస్తుంది, సెల్ 3 వోల్టులది, ఛార్జ్ అయ్యే రకం కాదు. రెండూ కలిపితే సెల్‌లోకి కరెంటు వెనక్కి పారుతుంది. వేడెక్కి ఉబ్బొచ్చు, కారొచ్చు. బోర్డు మీద 3.3, 5 అని మార్చుకునే జంపర్ ఉంది గానీ అది కరెంటు తీగకే. లోపలి ఏటీమెగా8 ఎప్పుడూ 5 వోల్టుల మీదే నడుస్తుంది కాబట్టి డేటా తీగల మీద వచ్చేదీ 5 వోల్టులే. టైనీకి కరెంటు కూడా 5 వోల్టులే ఇస్తే దానికేం కాదు. అదే తీగల మీద ఎస్‌డీ కార్డు లాంటి 3.3 వోల్టుల సరుకు ఉంటే మాత్రం అది పాడవ్వొచ్చు. అలాంటి బోర్డుకి వోల్టేజ్ తగ్గించి పంపే లెవెల్ షిఫ్టర్ పెట్టాలి, లేదా ఆ సరుకు పీకేసి కోడ్ ఎక్కించాలి.

ఇరవయ్యో రోజు

బజర్ ఫ్రిజ్‌లోకి వెళ్లింది. వెలుగు కనిపిస్తే నిమిషం ఆగి మరోసారి చూస్తుంది, అప్పటికీ వెలుగుంటే కూస్తుంది. అంతే కోడ్.

ఇరవై మూడో రోజు

ప్రోగ్రామర్ వచ్చాక చేతులు ఊరుకోవు. ఏటీమెగా328పీతో గడియారం చేద్దామని మూడు చిప్‌లు తెప్పించాను. రెండు సరిగ్గానే ఉన్నాయి. మూడోదాని సిగ్నేచర్ 1ఈ 95 0ఎఫ్ రావాల్సింది 1ఈ 95 14 వచ్చింది. అంటే పీ లేని 328. అమ్మినవాళ్లు కలిపేశారు. పెద్ద తేడా లేదు. ఏవీఆర్‌డ్యూడ్‌కి సరైన చిప్ పేరు ఇస్తే చాలు. సిగ్నేచర్ తప్పినా పోనివ్వు అనే మైనస్ ఎఫ్ ఆప్షన్ ఉంది కానీ నేను దాని జోలికి పోను. సిగ్నేచర్ అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వచ్చినప్పుడు కూడా కొందరు దాన్నే వాడతారు. అది తీగ ఊడిందని చిప్ మొత్తుకోవడం, దాని నోరు మూస్తే ఏం లాభం?

ఈ రోజు అసలు పొరపాటు నాది. ఐడీఈలో ఊనో బోర్డు ఎంచుకుని, బర్న్ బూట్‌లోడర్ నొక్కాను. అది బూట్‌లోడర్ ఒక్కటే రాయదు, ఫ్యూజ్‌లు కూడా మారుస్తుంది. ఊనోలో 16 మెగాహెర్ట్జ్ క్లాక్ చిప్ బయటినుంచి వస్తుంది కాబట్టి, ఇకపై క్లాక్ బయటి క్రిస్టల్ నుంచే అని చిప్‌కి చెప్పేసింది. నా బ్రెడ్‌బోర్డు మీద క్రిస్టల్ లేదు. మరుక్షణం నుంచి చిప్ మూగది. చాలామంది ఈ దశలో చిప్ చచ్చిపోయిందని చెత్తబుట్టలో పడేస్తారు. అది చావలేదు, గుండె చప్పుడు కోసం ఎదురుచూస్తోంది.

క్రిస్టల్ ఒకటీ, 22 పికోఫారడ్ కెపాసిటర్లు రెండూ ఉంటే అయిపోయేది. ఇంట్లో లేవు. మళ్లీ ఊనోనే దిక్కు. దాని టైమర్ 1ని నాలుగు లైన్ల కోడ్‌తో ఊపితే 9వ పిన్ మీద 8 మెగాహెర్ట్జ్ చతురస్రపు అలలు వస్తాయి. ఆ తీగని 328 చిప్ 9వ కాలికి, అంటే ఎక్స్‌టాల్1కి ఇచ్చాను. గ్రౌండ్‌లు రెండూ కలిపాను. ఊనో అరువు గుండెలా కొట్టుకుంటుంటే, ఇటు యూఎస్‌బీఆస్ప్ నుంచి మాట్లాడాను. చిప్ పలికింది. లో ఫ్యూజ్‌ని హెక్స్‌లో 62కి, అంటే ఫ్యాక్టరీ విలువకి తెచ్చేసి తీగ పీకేశాను. మామూలుగా మాట్లాడుతోంది.

ఈ మందు పని చెయ్యని జబ్బు ఒకటుంది. రీసెట్ కాలిని మామూలు పిన్నుగా వాడుకునే ఫ్యూజ్. ఎనిమిది కాళ్ల టైనీలో ఇంకో కాలు దొరుకుతుందని ఆశ పుడుతుంది. అది వేశాక ఐఎస్‌పీకి తలుపే ఉండదు. రీసెట్ మీద 12 వోల్టులు పెట్టి మాట్లాడే హైవోల్టేజ్ ప్రోగ్రామర్ కావాలి, చవక యూఎస్‌బీఆస్ప్‌కి అది చేతకాదు. కాలు చాలకపోతే పెద్ద చిప్ కొనుక్కుంటాను.

ఇరవై తొమ్మిదో రోజు

తమ్ముడు కాలేజీ ప్రాజెక్టు పట్టుకొచ్చాడు. బ్లూపిల్ అనే చిన్న బోర్డు, మీద ఎస్టీఎం32ఎఫ్103 చిప్.

"అన్నయ్యా, నీ ప్రోగ్రామర్‌తో దీంట్లోకి కూడా ఎక్కించి పెట్టవా?"

"ఎక్కదురా. దాని భాష వేరు."

"అన్నీ మైక్రోకంట్రోలర్లే కదా?"

అవును, అన్నీ ఇళ్లే, తాళంచెవులే వేరు. ఏవీఆర్‌ది ఐఎస్‌పీ. ఎస్టీఎం32ది ఎస్‌డబ్ల్యూడీ, రెండే తీగలు, డేటా ఒకటి, క్లాక్ ఒకటి. పిక్ చిప్‌లకి ఐసీఎస్‌పీ, దాంట్లో మాట మొదలుపెట్టడానికే రీసెట్ కాలి మీద హెచ్చు వోల్టేజ్ అడిగేవి చాలా ఉన్నాయి, వాటికి పిక్‌కిట్ జాతి కావాలి. ఈఎస్‌పీ32కి చిప్‌లోనే సీరియల్ బూట్‌లోడర్ ఉంటుంది. రాస్‌ప్‌బెర్రీ పై పీకోకైతే బటన్ నొక్కి కేబుల్ గుచ్చితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, ఫైల్ కాపీ చేస్తే చాలు. అందుకని ఏ ప్రోగ్రామర్ కొనాలి అని అడిగేవాళ్లని నేను ముందు ఏ చిప్ అని అడుగుతాను.

వాడి దగ్గర ఎస్టీఎం32లకి వాడే ప్రోగ్రామర్, ఎస్టీ-లింక్ వీ2 క్లోన్ ఉంది. నాలుగు తీగలు: 3.3 వోల్టులు, డేటా, క్లాక్, గ్రౌండ్. డొక్కు మీద అచ్చు వేసిన పిన్నుల పేర్లు నమ్మొద్దని విన్నాను, మల్టీమీటర్ పెట్టాను. 3.3 అని రాసినచోట 5 వోల్టులు చూపించింది. డొక్కు లాగి చూస్తే లోపలి బోర్డు మీద వరస వేరేగా ఉంది. బోర్డు మీద రాసిందే నిజం. అలాగే గుచ్చేసి ఉంటే తమ్ముడి ప్రాజెక్టు అక్కడే ముగిసేది.

తర్వాత ఓపెన్‌ఓసీడీ, అంటే ఎస్టీ-లింక్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ అలిగింది. 1బిఎ01477 అనే ఐడీ రావాల్సింది, 2బిఎ01477 వచ్చిందని. అంటే బోర్డు మీదున్నది అసలు ఎస్టీఎం32 కాదు, దానికి నకలు చిప్. కాన్ఫిగ్‌లో ఆ అంకె మారిస్తే పని చేసింది. ఒక్కసారే చేసింది! రెండోసారి బోర్డు దొరకలేదు. వాడు క్యూబ్‌ఎంఎక్స్ (ఎస్టీఎం32 పిన్నుల సెట్టింగ్‌లు చేసే సాఫ్ట్‌వేర్)లో డీబగ్ ఆప్షన్ పెట్టకుండా వదిలేశాడు. వాడి కోడ్ లేచీ లేవగానే ఎస్‌డబ్ల్యూడీ కాళ్లని ఆపేస్తోంది, తను ఎక్కిన నిచ్చెన తనే తోసేసినట్టు. బూట్0 జంపర్‌ని 1కి మార్చి రీసెట్ నొక్కితే వాడి కోడ్ బదులు చిప్ సొంత బూట్‌లోడర్ లేస్తుంది. ఆ సందులో కొత్త కోడ్ ఎక్కించి, జంపర్ మళ్లీ 0కి తెచ్చాం.

"ఇంతకీ తప్పు చిప్‌దా, నాదా?" అన్నాడు.

"నీదే. చిప్ నువ్వు చెప్పిందే చేసింది."

ముప్పై నాలుగో రోజు

కొత్త తరం టైనీ ఒకటి, ఏటీటైనీ412, ప్రయత్నించాను. 2016లో అట్మెల్‌ని మైక్రోచిప్ కొన్నాక వచ్చిన చిప్‌లివి. పాత ఐఎస్‌పీ వీటికి లేదు, ఒకే తీగ మీద నడిచే యూపీడీఐ ఉంది. యూఎస్‌బీఆస్ప్ ఇక్కడ పనికిరాదు.

కానీ దీనికి కొత్తగా కొనాల్సిందేమీ లేదు. మామూలు యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ చాలు. టీఎక్స్‌కీ ఆర్‌ఎక్స్‌కీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, ఆర్‌ఎక్స్ వైపు నుంచి చిప్ 6వ కాలికి తీగ. 1వ కాలు కరెంటు, 8వ కాలు గ్రౌండ్. ఏవీఆర్‌డ్యూడ్‌లో సీరియల్‌యూపీడీఐ ఎంచుకుంటే మొదటిసారే పలికింది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే నేను ఇటే వెళ్లమంటాను, ప్రోగ్రామర్ ఖర్చు ఒక రెసిస్టర్. చిప్ మాత్రం ఉపరితలం మీద సోల్డర్ చేసే చిన్న రకం, బ్రెడ్‌బోర్డు మీద నేరుగా గుచ్చలేం. చేతులు వణికేవాళ్లకి పాత 85 నయం.

ముప్పై ఆరో రోజు

అర్ధరాత్రి రెండింటికి ఫ్రిజ్ కూసింది. లేచి చూస్తే తలుపు గట్టిగా మూసే ఉంది. మూడున్నరకి మళ్లీ.

పదిహేడో రోజు పీకేసిన కెపాసిటర్ ఇది. చీకట్లో ఎల్‌డీఆర్ దాదాపు తెగిపోయినట్టే, ఆ కాలు 470 కిలో ఓమ్‌ల వెనకాల వేలాడుతూ ఉంటుంది. వోల్టేజ్‌ని అంకెగా మార్చే ఏడీసీ సరిగ్గా చదవాలంటే 10 కిలో ఓమ్‌ల లోపు ఉండాలని డేటాషీట్‌లో ఉంది. ఆ లోటు పూడ్చడానికే కెపాసిటర్ పెట్టాను. ప్రోగ్రామర్‌కి అడ్డమని తీసేశాను. ఇప్పుడు పక్కనే కంప్రెసర్ మొదలైతే చాలు, ఆ గోల టైనీకి వెలుగులా కనిపిస్తోంది.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు సెల్ తీసి పక్కన పెట్టాను. నాలుగు టంకాలూ విప్పాను. ఎల్‌డీఆర్ తీగ 2వ కాలికి, దాని పక్కనే 100 నానోఫారడ్. 7వ కాలు ఇక ఎస్‌సీకేకి ఒక్కదానికే. కోడ్‌లో ఏడీసీ ఛానెల్ 1ని 3 చేశాను. మైనస్ బి 10.

ఒక్క సెకనులో ఎక్కింది. టైమ్ నాలుగూ ఇరవై.